వెనిస్ గ్రిట్టి ప్యాలెస్: సామానుతో ఎలా చేరాలి, ఏ గది తీసుకోవాలి

పెళ్లిరోజుకి గ్రిట్టి ప్యాలెస్ హోటల్ బుక్ చేశారు, పెద్ద సూట్‌కేసులతో ఎలా చేరాలి, కెనాల్ వైపు గదికి అదనంగా కట్టాలా అన్నదేగా మీ టెన్షన్. పాత వెనిస్‌లో కార్లు తిరగవు, మెట్ల వంతెనల మీద సామాను ఈడ్చడం నరకం, అందుకే సాంటా లూచియా రైల్వే స్టేషన్ ఎదురుగానే 1వ నంబర్ వాపొరెట్టో, అంటే అక్కడి సిటీ బస్సులాంటి పడవ, ఎక్కి రియాల్టో వంతెన కిందుగా ఊరి మధ్యగా సాగే పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ చూసుకుంటూ వెళ్లి జిల్యో స్టాప్‌లో దిగండి, హోటల్ పక్కనే. వాటర్ టాక్సీ నేరుగా హోటల్ దగ్గరే దింపుతుంది, కానీ చాలా ఖరీదు.

గది విషయంలో మాత్రం వెనకాడకండి. 1475లో కట్టిన ప్యాలెస్ అది, కెనాల్ వైపు కిటికీ తెరిస్తే ఎదుటి ఒడ్డున సాలూటే చర్చి గుమ్మటం కనిపిస్తుంది. బడ్జెట్ సరిపోకపోతే ఒక రాత్రి తగ్గించుకోండి, గది మార్చకండి. సిటీ ట్యాక్స్ హోటల్లో విడిగా కట్టాలి, అదీ లెక్కలో వేసుకోండి.