ప్రెస్ స్టార్ట్ 2పి ఫాంట్‌ని ఎక్కడ వాడితే బాగుంటుంది?

పాత వీడియో గేముల్లో స్కోరు చూపించే గళ్ల అక్షరాలు గుర్తున్నాయా? ఇది ఆ బాపతే. 1980ల్లో నామ్కో అనే జపాన్ కంపెనీ చేసిన ఆర్కేడ్ గేముల (నాణెం వేసి ఆడేవి) అక్షరాలను చూసి చేశారు. ప్రతి అక్షరమూ నిలువునా అడ్డంగా 8 చుక్కలు (పిక్సెళ్లు) ఉన్న గడిలోనే ఇమిడిపోవాలి. అందుకే సైజు 8, 16, 24 పిక్సెళ్లు, ఇలా 8 గుణిజాల్లోనే పెట్టండి. మధ్యలో 13 అంటే అంచులు మసకబారతాయి.

గేమ్ టైటిల్‌కి, పోస్టర్‌కి, బటన్‌కి భలే నప్పుతుంది. పేరాలకు మాత్రం వద్దు, నాలుగు లైన్లకే కళ్లు లాగేస్తాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు.

తెలుగు అక్షరాలు ఇందులో లేవు. అయినా 8 చుక్కల్లో ‘క్ష్మి’ని ఇరికించడం ఎవరి తరం!