ఆరు వేళ్ల పిల్లిపిల్ల కోసం సిప్ ఆపాలా?

వైజాగ్ మద్దిలపాలెం నుంచి ఒకమ్మాయి రాశారు. చేతికొచ్చే జీతం 34,000, రెంట్ 9,000, ఇంటికి పంపేది 8,000, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 3,000, ఫోన్ ఈఎంఐ 2,700 ఇంకో రెండు నెలలుంది, తిండీ బస్సులూ పోగా 4,000 మిగులుతుందట, బ్యాంకులో 40,000 ఉంది. సెల్లార్‌లో ఇరుక్కుంటే బయటికి తీసిన రెండు నెలల ఆడ పిల్లిపిల్లని పెంచుకోవాలనుంది, కాకపోతే దాని ముందు కాళ్లకి ఆరేసి వేళ్లున్నాయి, జబ్బేమో, ఖర్చెక్కువేమో, సిప్ ఆపేసి పెట్ ఇన్సూరెన్స్ తీసుకోనా అని అడుగుతున్నారు.

సిప్ ఆపకండి, పిల్లిని తెచ్చుకోండి.

వేళ్ల సంగతి ముందు. పిల్లికి మామూలుగా ముందు కాళ్లకి ఐదేసి, వెనక నాలుగేసి, మొత్తం 18. ఎక్కువ ఉండటం వంశంలో వచ్చేదే, మామూలుగా జబ్బేం కాదు. ఒకటే చూసుకోవాలి, బొటనవేలి పక్కన పుట్టే ఆ ఎక్స్‌ట్రా వేలి గోరు నేలకి తగలదు, అరగదు, అలా వంకర తిరిగి పెరిగి మెత్తటి పాదంలోకి దిగిపోతుంది, అప్పుడు చీము, డాక్టరు, బిల్లు. గోళ్ల కట్టర్ ఒకటి కొని రెండు మూడు వారాలకోసారి ఆ కొస కత్తిరించండి, గోరులో గులాబీ రంగు కనిపించే చోటు జోలికి మాత్రం పోకండి.

ఇన్సూరెన్స్ ఇప్పుడొద్దు. మన దగ్గర పెట్ పాలసీలు ఎక్కువగా కుక్కలకే, పిల్లులకి ఇచ్చేవాటిలో కూడా టీకాలు, పుట్టుకతో వచ్చినవి చాలావరకు కవర్ కావు, పైగా మన హెల్త్ ఇన్సూరెన్స్‌కి దొరికే ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు కూడా ఆ ప్రీమియంకి రాదు.

లెక్క ఇలా వేశాను. పిల్లి దొడ్డికెళ్లే ఇసుక, తిండి కలిపి నెలకి 1,800 అనుకోండి. పాలు పోస్తే చాలనుకోకండి, చాలా పిల్లులకి పాలు పడవు, విరేచనాలు పట్టుకుంటాయి. కిటెన్ ఫుడ్‌తో పాటు ఉప్పూ ఉల్లిపాయా లేని ఉడికించిన చికెన్ పెట్టండి. మొదటి రెండు నెలల్లో మీకు మిగిలే 8,000లో 3,600 దీనికి పోతే 4,400 ఉంటుంది, అందులోనే మూడు పిల్లి జబ్బులకి కలిపి వేసే త్రీ ఇన్ వన్ టీకా, మూడు నాలుగు వారాలకి దాని బూస్టర్, పిల్లిపిల్లకి మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, నులిపురుగుల మందు, ఇసుకకి ఒక ప్లాస్టిక్ టబ్బు. ఈలోపు ఫోన్ ఈఎంఐ అయిపోతుంది కదా, ఆ 2,700 ఖర్చు పెట్టకుండా రెండు నెలలు పక్కన పడేస్తే 5,400, సరిగ్గా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే టైమ్‌కి చేతిలో ఉంటుంది. ప్రైవేట్ క్లినిక్‌లో ఎక్కువ చెప్తే గవర్నమెంట్ పశువుల ఆసుపత్రిలో, వైజాగ్‌లోనే ఉన్న జంతు సంరక్షణ సంస్థ వీఎస్పీసీఏలో కూడా కనుక్కోండి. వాయిదా వేస్తే మాత్రం ఒక పిల్లి కాస్తా ఐదవుతుంది, అప్పుడు నా లెక్కలేవీ పనికిరావు.

ఆ 40,000 ముట్టుకోవద్దు. సిప్ కాకుండానే మీ నెల ఖర్చు 27,000, ఉద్యోగం పోతేనో జబ్బు చేస్తేనో ఆదుకోవడానికి మూడు నెలల ఖర్చు, అంటే 81,000 ఉండాలి, మీ దగ్గర అందులో సగమే ఉంది. నిజం చెప్పాలంటే మీ ప్రాబ్లమ్ పిల్లి కాదు, ఇది. మూడో నెల నుంచి మిగిలే 2,200, ఆపరేషన్ అయ్యాక ఆ 2,700 కూడా ఇందులోకే.

ఆడుకునే పిల్లిపిల్ల గీరకుండా ఉండదు. రక్తం వస్తే సబ్బుతో 15 నిమిషాలు కడిగి గవర్నమెంట్ హాస్పిటల్‌కి వెళ్లండి, రేబిస్ ఇంజెక్షన్ అక్కడ ఫ్రీ.

ఇవన్నీ కాకముందే హౌస్ ఓనర్‌తో మాట్లాడి పిల్లికి ఒప్పుకున్నట్టు వాట్సాప్‌లో అయినా రాయించుకోండి, లేకపోతే ఖాళీ చేసే రోజు చిరిగిన దోమల మెష్ చూపించి అడ్వాన్స్‌లో కోస్తారు.