ఆపిన లారీని ఎవరో తిప్పారని అనుమానం, ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: సార్, నాకున్నది ఒకటే లారీ, నేనే నడుపుకుంటా. శనివారం సాయంత్రం యార్డులో పెట్టి తాళం వేసుకుని ఇంటికెళ్లా, సోమవారం పొద్దున వచ్చి ఎక్కితే సీటు వెనక్కి జరిపి ఉంది, ఎడమవైపు అద్దం కూడా నేను పెట్టుకున్నట్టు లేదు, సగం పైన ఉండాల్సిన డీజిల్ ముల్లు సగం కిందకి వచ్చేసింది. కిలోమీటర్లు శనివారం చూసుకోలేదు. బండ్లు అడ్డమొస్తే జరుపుతాడని డూప్లికేట్ తాళం వాచ్‌మన్‌కి ఇచ్చి ఉంచా, అడిగితే నేను ముట్టుకోలేదు అంటున్నాడు. అప్పట్నుంచి బండి కదపలేదు, రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఏం చేయమంటారు?

జవాబు: బండి కదపకుండా ఉంచడం మంచి పని చేశారు. ఎవరు తిప్పారు అన్నది తర్వాత, ముందు అది రోడ్డెక్కడానికి పనికొస్తుందా అన్నది చూడాలి. చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరగండి, చక్రాల నట్లు ఒక్కోటీ చేత్తో పట్టుకుని చూడండి, నట్టు చుట్టూ కొత్తగా తుప్పు చారలు గానీ మెరుస్తున్న గీతలు గానీ కనిపిస్తే పానా పెట్టి బిగించకుండా కదలొద్దు. బ్రేకు పైపులు, డీజిల్ ట్యాంకు మూత, బ్యాటరీ వైర్లు, స్టెప్నీ, ఇంజిన్ ఆయిల్ అన్నీ చూసి ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకోండి, ఏదైనా తేడా ఉంటే సరిచేయకముందే తీయాలి, తర్వాత తీస్తే దేనికీ పనికిరావు.

ఇక డీజిల్ సంగతి. ముల్లు ఒక్కదాన్నే నమ్మొద్దు, బండి కాస్త వాలులో నిలబడితేనే ముల్లు మారిపోతుంది. చలికి డీజిల్ కుంచించుకుపోతుంది కూడా, కానీ 400 లీటర్లలో 15 డిగ్రీలు చల్లబడితే తగ్గేది సుమారు 5 లీటర్లే, దానివల్ల ముల్లు అంత కిందకి రాదు. చదునుగా ఉన్న చోట పుల్ల పెట్టి కొలవండి.

అసలు సాక్ష్యం ఇంజిన్ గంటల్లో ఉంటుంది. కిలోమీటర్లు రాసుకోలేదని బాధపడుతున్నారు గానీ, మీది ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) ఉన్న బండి అయితే మెకానిక్ స్కానర్ పెట్టి ఇంజిన్ మొత్తం ఎన్ని గంటలు తిరిగింది, మొత్తం ఎంత డీజిల్ తాగింది చాలా బండ్లలో చెప్పగలడు. చివరి సర్వీసులోనో లోడు కాగితాల మీదనో రాసిన మీటర్ రీడింగ్ ఎక్కడైనా ఉంటుంది, అక్కణ్ణుంచి మీరు తిరిగిన ట్రిప్పులు కలుపుకుంటూ రండి, ఇప్పటి మీటర్‌తో పోల్చితే మిగిలే తేడా ఏదైనా ఉంటే అదే మీ శని, ఆదివారాలు. లెక్కలో తేడా లేకుండా ట్యాంకులో మాత్రం డీజిల్ తగ్గిందంటే బండిని ఎవరూ నడపలేదు, డీజిల్ లాగేసి ఉండొచ్చు. ఈ రెండూ వేరు వేరు దొంగతనాలు, చేసేవాళ్లూ వేరే అయి ఉండొచ్చు, అందుకే ముందే ఒకర్ని పట్టుకుని నిలదీయొద్దంటున్నా.

ఇంకోటి గుర్తు తెచ్చుకోండి, సోమవారం తాళం తిప్పగానే బ్రేకులకి వాడే గాలి ప్రెషర్ చూపే ఎయిర్ ముల్లు ఎక్కడుంది? ఒకటిన్నర రోజు ఆగిన బండికి ఎంతో కొంత ఎయిర్ దిగుతుంది, మీ బండికి ఎంత దిగుతుందో మీకు తెలిసే ఉంటుంది. రోజూ బాగా దిగే బండిలో ఆరోజు ఎయిర్ నిండుగా ఉందంటే అంతకుముందు కొద్దిసేపటి క్రితమే ఇంజిన్ తిరిగిందని అర్థం.

వాచ్‌మన్‌ని అడిగిన తీరు కూడా ఒకసారి ఆలోచించండి. జరపడానికే తాళం ఇచ్చారు, నిజంగానే వేరే బండి అడ్డమొచ్చి పది అడుగులు జరిపి ఉంటే సీటు, అద్దం మారతాయి, మీరు కోపంగా అడిగేసరికి భయపడి కాదనేసి ఉండొచ్చు. నిందించకుండా "బండి అడ్డమొచ్చిందా, ఎవరికన్నా తాళం ఇచ్చావా" అని అడగండి. తాళం మాత్రం ఈరోజే వెనక్కి తీసుకోండి. సీసీ కెమెరా ఉంటే ఆ రెండు రోజుల రికార్డింగు వెంటనే కాపీ అడగండి, చాలా చోట్ల కొన్ని రోజులకే పాత దాని మీద కొత్తది ఎక్కిపోతుంది. జీపీఎస్ ఉంటే ఇగ్నిషన్ ఎప్పుడు ఆన్ అయిందో టైముతో సహా వస్తుంది.

గంటలు నిజంగా పెరిగాయని తేలితే సిగ్గుపడకుండా పోలీసులకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆ రాత్రి ఆ బండి ఎవర్నైనా గుద్ది ఉంటే ముందు వెతుక్కుంటూ వచ్చేది మీ నంబరు ప్లేటునే, నాకు ఎక్కువ భయం డీజిల్ గురించి కాదు, దీని గురించే.

ఇకమీద ఆపినప్పుడల్లా మీటర్‌ని ఒక ఫోటో తీయండి, వెనక లోపలి టైరుకీ నేలకీ కలిపి చాక్‌పీస్‌తో ఒక గీత గీయండి, బయటి టైరు మీద గీస్తే చూసేస్తారు. బ్యాటరీ కటాఫ్ స్విచ్ ఉంటే ఆపేసి వెళ్లండి, కానీ యాడ్‌బ్లూ (పొగలో కాలుష్యం తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం) వాడే బండి అయితే ఇంజిన్ ఆపిన వెంటనే కట్ చేయొద్దు, పైపులో మిగిలింది వెనక్కి లాక్కోవడానికి దానికి కొన్ని నిమిషాలు పడుతుంది.