స్క్వాడ్ లీడర్ అయిన తమ్ముడికి

తమ్ముడూ,

మీ కాలేజీ పిల్లలు నలుగురూ కలిసి బీజీఎంఐ (ఫోన్‌లో ఆడే షూటింగ్ గేమ్) స్క్వాడ్ కట్టారనీ, ఐజీఎల్, అంటే ఆటలో జట్టుని నడిపించే లీడర్, నువ్వేననీ పిన్ని చెప్పింది. చదువు ఏమవుతుందోనని పిన్ని టెన్షన్. నాకు పట్టుకున్న ఆలోచన వేరు. 2021లో ఆ గేమ్ వచ్చినప్పటి నుంచీ ఆడుతున్నాను. 2022లో అది ఆగిపోయి మరుసటి ఏడాది మళ్లీ వచ్చాక కూడా వదల్లేదు. ఈలోగా ఎన్నో మంచి స్క్వాడ్లు విడిపోవడం చూశాను. గురి కుదరక విడిపోయినవి తక్కువ. మైక్‌లో ఒకరినొకరు అనుకున్న మాటలకి విడిపోయినవే ఎక్కువ.

ముందు కాల్‌అవుట్, అంటే శత్రువు ఎక్కడున్నాడో మైక్‌లో చెప్పడం. "అక్కడ, అక్కడ, అక్కడున్నాడు!" అని అరిస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. స్క్రీన్ పైన దిక్సూచి ఉంది కదా, అందులో అంకె చదువు. "240లో, రెండంతస్తుల ఇల్లు, పై కిటికీలో ఒకడు." అంతే చాలు. నీకు దూరంగా ఉన్నవాడికి ఆ అంకె పనికిరాదు, వాడి కోసం మ్యాప్‌లో మార్క్ పెట్టు. చెప్పేశాక ఆగిపో. మిగతావాళ్లకి వినడానికి చోటివ్వాలి.

అసలు పరీక్ష మనవాడు నాక్ అయినప్పుడు, అంటే దెబ్బ తిని పడిపోయి, ఇంకా చావనప్పుడు. చాలామంది లీడర్ల నోట ముందు వచ్చే మాట "అటెందుకెళ్లావురా?" అనే. వాడు నేల మీద పాకుతుంటాడు, హెల్త్ కరిగిపోతుంటుంది. కొట్టినవాడు ఎటున్నాడో నిజంగా తెలిసింది వాడికే. నువ్వు తిడితే అది చెప్పడం మానేసి సంజాయిషీ మొదలుపెడతాడు. ఎదుటివాళ్లు ఒక్కసారిగా మీదకి దూసుకురావడానికి ఆ మూడు సెకన్లు చాలు. "ఎటు నుంచి తగిలింది? వాడికి ఎంత డ్యామేజ్ పెట్టావు?" అని మామూలు గొంతుతో అడుగు. ముందు స్మోక్ (పొగ బాంబు) వెయ్యి, పడినవాణ్ని లేపడానికి (రివైవ్‌కి) ఒక్కరే వెళ్లండి. అంతసేపూ వెళ్లినవాడు కాల్చలేడు కాబట్టి మిగతా ఇద్దరూ చెరో వైపు చూసుకోవాలి. లేచినవాడి హెల్త్ దాదాపు సున్నా. నీ బ్యాగులో ఫస్ట్ ఎయిడ్ కిట్ ఎక్కువుంటే వాడు అడక్కముందే వాడి ముందు పడెయ్.

ముగ్గురూ పోయి ఒక్కడే మిగిలితే మాత్రం అందరూ మైక్‌లు ఆపేయండి. వాడు అడుగుల చప్పుడు వినాలి. చచ్చిపోయినవాళ్ల సలహాల కింద ఆ చప్పుడు మునిగిపోతుంది.

లూట్ (మ్యాప్‌లో దొరికే సామాన్లు) గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. లెవెల్ 3 హెల్మెట్ దొరికితే ముందు నడిచేవాడికి ఇవ్వు, లీడర్‌వని నువ్వు పెట్టుకోకు.

ఒక్కోసారి నాలుగోవాడు రాక ర్యాండమ్‌ని, అంటే గేమ్ కలిపే తెలియని ప్లేయర్‌ని, తీసుకుంటారు. తనకి తెలుగు రాకపోతే మీరు ముగ్గురూ తెలుగులో మాట్లాడుకుంటూ తనని గాలికి వదిలేయకండి, కనీసం కాల్‌అవుట్లు హిందీలో చెప్పండి. వచ్చింది అమ్మాయైతే ఇంకా జాగ్రత్త. గొంతు వినగానే మొదలయ్యే వెకిలి మాటలు భరించలేక నేను చాలాకాలం మైక్ ఆఫ్‌లో పెట్టి, మ్యాప్‌లో మార్క్‌లు పెడుతూనే ఆడాను. నా చెవికి వినబడిన శత్రువు గురించి నా స్క్వాడ్‌కి తెలిసేది కాదు. నీ వాళ్లలో ఎవడైనా నోరు జారితే మ్యాచ్ అయ్యేదాకా ఆగకు, అప్పుడే, అందరూ వినేలా ఆపు. మళ్లీ అంటే స్క్వాడ్‌లోంచి తీసెయ్, ఎంత మంచి స్నైపరైనా సరే. "సరదాకి అన్నాడక్కా" అని నాతో అనకు, నేను ఒప్పుకోను.

ఓడిన మ్యాచ్ గురించి మాట్లాడుకోవడం మంచిదే. మ్యాప్‌లోని పోచింకి ఊళ్లో దిగుదామన్నది నువ్వే అయితే "డ్రాప్ (దిగే చోటు) నేనే తప్పు చెప్పాను" అని నువ్వు మొదలుపెట్టు. తర్వాత మిగతావాళ్లు తమవి తామే చెబుతారు.

మ్యాచ్ మధ్యలో వదిలేసి వెళ్లిపోవడం అసలొద్దు. నీ మెరిట్ పాయింట్లు (ఆటలో ప్రవర్తనకి ఇచ్చే పాయింట్లు) తగ్గడం ఒక్కటే కాదు, మిగతా ముగ్గురూ నిండు స్క్వాడ్లతో తలపడాల్సి వస్తుంది. ఎరాంగెల్ అనే మ్యాప్‌లో చివరి జోన్ (ఆట చోటు కుంచించుకుపోయి మిగిలే ఆఖరి వలయం) దాకా ఉంటే అరగంట పడుతుంది. పిన్ని అన్నానికి ఎప్పుడు పిలుస్తుందో నీకు తెలుసు, ఆలోపు అరగంట లేకపోతే స్టార్ట్ నొక్కకు. సెమిస్టర్ పరీక్షల తేదీలు రాగానే, ఆ రోజుల్లో ప్రాక్టీస్ ఉండదని నలుగురూ కలిసి ముందే అనుకోండి. ఆ మాట పిన్నికి కూడా చెప్పు.

ఉంటాను.
మీ అక్క