ఇంట్లో ప్లాస్టిక్ కవచం చేసుకోవడం ఎంత కష్టం? కోయడం తేలికే, ఒంటికి సరిపెట్టడమే పని

అడిగిన ప్రశ్న ఇది: "హైదరాబాద్‌లో ఉంటాను. స్టార్ వార్స్ సినిమాల్లో తెల్ల కవచం వేసుకునే స్టార్మ్‌ట్రూపర్ వేషం ఇంట్లోనే తయారు చేసుకుని కామిక్ కాన్‌కి వెళ్ళాలని ఉంది. మామూలు మనిషి చేయగల పనేనా? ఎంత కష్టం?"

చేయగల పనే. నేను టెక్సస్‌లో, డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో, మా గరాజ్‌లో చేసుకున్నాను. ఇప్పటికీ వేసుకుంటున్నాను. కాకపోతే "ఎంత కష్టం" అన్నదానికి మీకు ఇంటర్నెట్‌లో దొరికే జవాబులన్నీ ఒకే పాట పాడతాయి. ఏ కత్తెర కొనాలి, ఏ జిగురు వాడాలి, ఏ పాలిష్ రుద్దాలి అని. ఇవేవీ పెద్ద విషయాలు కావు. చేతికి రెండు రోజుల్లో అలవాటైపోతాయి. కవచం పాడయ్యేది ఒంటికి సరిపెట్టే దగ్గర. ఆ పని ఎవరూ ఒంటరిగా చేయకూడదన్నది నా గట్టి నమ్మకం. పక్కన కుట్టుపని తెలిసిన మనిషి ఉంటే సగం కష్టం తీరినట్టే.

ముందు కోత సంగతి చెప్పేస్తాను. 1977లో వచ్చిన మొదటి సినిమాకి ఇంగ్లండ్‌లో ఈ కవచాలు ఎలా చేశారో, ఇప్పుడు కవచం ముక్కలన్నీ కలిపి కిట్లుగా చేసి అమ్మేవాళ్ళదీ అదే పద్ధతి. ప్లాస్టిక్ షీటుని వేడిచేసి, మెత్తబడగానే అచ్చు మీద పరిచి, కింద నుంచి గాలి లాగేస్తారు. షీటు అచ్చుకి కరుచుకుపోతుంది. మన చేతికి వచ్చేసరికి ప్రతి ముక్క చుట్టూ పనికిరాని అంచు బోలెడంత ఉంటుంది. పెన్సిల్‌తో గీత గీసి, ఆ గీత మీద కట్టర్‌ని రెండు మూడుసార్లు లాగి, వంచితే టక్కున విరుగుతుంది. తెగేదాకా కట్టర్‌ని నొక్కాల్సిన పనే లేదు. వంపులు తిరిగే చోట పొట్టి కత్తెర, ఆ తర్వాత ఆకురాయి, చివర్లో గరుకు కాగితం. అంతే.

కానీ కిట్లు అమ్మేవాళ్ళ మీద నాకో ఫిర్యాదు ఉంది. నాకు వచ్చిన పెట్టెలో ఏది కుడికాలిదో ఏది ఎడమకాలిదో ఒక్క ముక్క మీదా రాసి లేదు. వెయ్యి డాలర్లు అటూఇటూ పోసి కొనే వస్తువు మీద చిన్న స్టిక్కర్ అంటించడానికి ఏం కష్టం? వీడియోలు పెట్టేవాళ్ళు మరీ అన్యాయం. కోసేది పది నిమిషాలు చూపిస్తారు. సరిచూసుకునేది మాత్రం పాట పెట్టి, స్పీడు పెంచి, ఇరవై సెకన్లలో తేల్చేస్తారు. మనకి కావలసింది ఆ ఇరవై సెకన్లలోనే ఉంది.

ఇక నా దగ్గర జరిగింది చెబుతాను.

మాది తెనాలి. అమ్మ జాకెట్లు కుట్టేది. మా ఊళ్ళో పద్యనాటకాలు ఎక్కువ కాబట్టి, కృష్ణుడి చొక్కా బిగుతైందనీ, దుర్యోధనుడి నడుంపట్టీ జారుతోందనీ నాటకాల వాళ్ళు కూడా మా వసారాలోకి వచ్చేవాళ్ళు. ఆ వేసవి అమ్మ ఇర్వింగ్ వచ్చింది. నేను గరాజ్‌లో తొడ ముక్కలు పట్టుకుని కుస్తీ పడుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడింది. కాసేపు చూసి, "నడుం తేల్చావా?" అంది.

"ముందు కాళ్ళు అయిపోతే ఓ పని అయిపోతుంది కదమ్మా" అన్నాను.

"ఇది దేనికి తగిలిస్తావు?"

తొడ ముక్క నడుం దగ్గర్నుంచి వచ్చే పట్టీకి వేలాడుతుంది. అదే చెప్పాను.

"మరి నడుం ఎక్కడ ఆగుద్దో తెలీకుండా తొడ ఎక్కడ ఆగుద్దో ఎట్టా తెలుస్తుందిరా? భుజం తేలకుండా చంక కోస్తారా ఎవరన్నా?"

నేను చదివిన గైడ్లలో ఈ ముక్క ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఇద్దరం మొదటి నుంచి మొదలుపెట్టాం. పొట్ట ముక్క, వెనక నడుం ముక్క నా చుట్టూ పెట్టి నీలం టేపుతో బిగించింది. కొలవబోతూ ఆగి, "ఊపిరి బిగబట్టకు" అంది. నాకు తెలియకుండానే పొట్ట లోపలికి లాక్కున్నాను. "కొలతలిచ్చే వాళ్ళందరూ ఇదే చేస్తారు. పెళ్ళిలో భోజనం చేశాక హుక్కు పడక నా దగ్గరకే వస్తారు. వదులు. మామూలుగా నిలబడు." అలా మామూలుగా నిలబడితే వచ్చిన కొలతే ఈ రోజుకీ నన్ను నాలుగు గంటలు కవచంలో ఊపిరి తీసుకోనిస్తోంది.

నడుం తేలాక తొడ దగ్గరకొచ్చాం. తొడకి రెండు చిప్పలుంటాయి. ముందొక అతుకు, వెనకొక అతుకు. రెండు అంచులూ పక్కపక్కన ఆనించి, పైన సన్నటి ప్లాస్టిక్ పట్టీ అంటిస్తారు. చేతులకి 15 మిల్లీమీటర్ల పట్టీ, కాళ్ళకి ముందువైపు 20. ముందు అతుకు అందరికీ కనిపిస్తుంది కాబట్టి దాన్ని నిటారుగా ముందే అంటించేసి, ఎక్కువతక్కువలు ఏమున్నా వెనక అతుకులో సర్దుకోవాలి. ఇది కూడా అమ్మకి చెప్పనక్కర్లేకపోయింది. "లావైతే విప్పుకోవడానికి జాకెట్టుకి లోపల బట్ట వదుల్తాం. దీనికీ వెనక అట్టాగే వదులు" అంది.

తెల్ల ప్లాస్టిక్ మీద ఆవిడ చాక్ పడలేదు. లోపలికెళ్ళి మా ఆవిడ ఐబ్రో పెన్సిల్ తెచ్చింది. నల్లగా, మెత్తగా పడింది, తడిగుడ్డతో తుడిస్తే పోయింది. నేను ఆ తర్వాత ఇంకేదీ వాడలేదు. తొడ చిప్పలు టేపుతో బిగించి నన్ను నిలబెట్టి గుర్తు పెట్టింది. "ఇప్పుడు నడువు" అంది. నడిచాను. "మెట్టెక్కు." గరాజ్ లోంచి వంటింట్లోకి వెళ్ళే మెట్టు ఎక్కాను. మోకాలి వెనక గుంటలో అంచు గుచ్చుకుంది. నేను పైకి ఏమీ అనలేదు కానీ నా మొహం చూసి, మోకాళ్ళ మీద కూచుని, అక్కడ ఇంకో గీత గీసింది. ముందు వైపు గీత ఉన్నచోటే ఉంది, వెనక మాత్రం నెలవంకలా పైకి వంగింది. "నిలబడ్డ కాలు వేరు, మడిచిన కాలు వేరు. మడిస్తే కండ లావెక్కుద్ది. దానికి చోటియ్యాల" అంది. ఆ గీత దాకా ఒక్కసారే కోయనివ్వలేదు. సగం కోసి తొడుక్కోమంది, నడిపించింది, మళ్ళీ కొంచెం కోయించింది. ప్లాస్టిక్‌కి తర్వాత అతుకు వేసినా కనిపిస్తుంది, బట్టలాగా దాగదు అని ఆవిడే చెప్పింది.

నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. ఈ కిట్లు ఆరడుగుల వాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసినట్టే ఉంటాయి. తొడ ముక్క పొడవు తగ్గించాలంటే పైనుంచే తగ్గించాలి. కింద అంచు మీద గట్టు ఉంటుంది, కుడికాలికి తూటాల పెట్టెల పట్టీ ఆ గట్టు మీదే కూచుంటుంది. కింద కోస్తే ఆ పట్టీకి ఆధారం పోతుంది. మన వాళ్ళలో చాలామందికి ఇదే అవసరం పడుతుంది కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

భుజాల దగ్గర మాత్రం అమ్మ అసలు విద్య చూపించింది. గంటలా గుండ్రంగా ఉండే భుజం ముక్క తగిలించాక చెయ్యెత్తమంది. ఎత్తాను. "అట్టా కాదు. పద్యం పాడి రాగం తీస్తున్నట్టు ఎత్తు." ఎత్తగానే ముక్క వచ్చి హెల్మెట్‌కి తగిలింది. "భుజకీర్తులు కూడా ఇంతే. చెయ్యి లేపినప్పుడు చెంపకి కొట్టుకుంటే పాడేవాడి ధ్యాసంతా దాని మీదే ఉంటది" అని, ఎలాస్టిక్‌ని రెండు వేళ్ళ వెడల్పు కిందికి దించింది. అంతే, తగలడం ఆగిపోయింది. ఏళ్ళ తరబడి కవచాలు కట్టినవాళ్ళకి కూడా ఇది చూపించాను. చాలామంది తమ పట్టీలు దించుకున్నారు.

అందుకే అంటున్నాను, వేషం కట్టడం మన దగ్గర పాత విద్య. "నలభై దగ్గర పడుతుంటే ఈ వేషాలేంటి" అని ఫోన్లో అడిగే బంధువులు మాకూ ఉన్నారు. ఎంతయిందని అడుగుతారు, అమ్మితే ఎంతొస్తుందని అడుగుతారు. ఎందుకు వేసుకుంటున్నావని ఒక్కరూ అడగరు. అడిగితే చెప్పేవాణ్ణి. ఈ కవచాలు వేసుకునేవాళ్ళకి 501వ లీజియన్ అని ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది. ఆల్బిన్ జాన్సన్ అనే ఆయన 1997లో మొదలుపెట్టారు. టెక్సస్ వాళ్ళ శాఖ పేరు స్టార్ గ్యారిసన్. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళనే చేర్చుకుంటారు, కవచం ఫొటోలు చూసి, ప్రతి ముక్కా సినిమాలోలాగే ఉందనుకుంటేనే ఒప్పుకుంటారు. చేరాక పిల్లల ఆసుపత్రులకీ, విరాళాలు సేకరించే కార్యక్రమాలకీ సొంత ఖర్చుతో వెళ్తారు. నేను వెళ్ళిన మొదటి ఆసుపత్రిలో ఒక పిల్లాడు మంచం మీద నుంచి నా గుండె మీద వేలితో టకటకా కొట్టి, లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. వాడి ఎత్తుకి వంగి జవాబు చెప్పగలిగానంటే అది ఆ మోకాలి వెనక నెలవంక కోత వల్లే. ఫొటో కోసం సరిపెట్టుకున్న కవచంతో ఆ వంగడం కుదరదు.

ఇంకో మాట. ఈ హెల్మెట్ మీద బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా కేసు నడిచింది. సినిమా కోసం వాటిని తయారుచేసిన ఆండ్రూ ఐన్స్‌వర్త్ తర్వాత సొంతంగా అమ్ముకుంటే నిర్మాతలు కోర్టుకెళ్ళారు. 2011లో ఆ కోర్టు, హెల్మెట్ సినిమాకి పనికొచ్చే సరంజామా మాత్రమే, అక్కడి కాపీరైట్ చట్టం లెక్కలో శిల్పం కిందికి రాదని తేల్చింది. ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే ఊరివాణ్ణి, నేను మాత్రం దాన్ని శిల్పమనే అంటాను.

జిగురు గురించి ఒక్క సలహా. కవచం ముక్కలు చేసే ప్లాస్టిక్ పేరు ఏబీఎస్. దాన్ని కరిగించి కలిపేసే సిమెంట్ రకం జిగురు జోలికి మొదట్లో వెళ్ళకండి. అది ఒకసారి పట్టిందంటే వదలదు. E6000 లాంటి రబ్బరు జిగురు వాడండి. గట్టిపడడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, వాసన ఘాటు కాబట్టి కిటికీలు తెరిచి ఉంచాలి. కానీ పొరపాటున వంకరగా అతికినా మెల్లగా ఊడదీసి మళ్ళీ అంటించుకోవచ్చు. ఆరేదాకా లోపలొకటి బయటొకటి గట్టి అయస్కాంతాలు పెట్టండి, కదలదు. మిగిలిన తెల్ల తుక్కు పారేయొద్దు. చిన్న సీసాలో అసిటోన్ పోసి ఆ ముక్కలు వేస్తే కరిగి పేస్టు అవుతుంది, సందులు పూడ్చడానికి అదే రంగులో అంతకన్నా మంచిది దొరకదు. వంపు తిప్పాలంటే వేడిగాలి ఊదే హీట్ గన్ బదులు మరిగే నీళ్ళు వాడండి. ఏబీఎస్ మెత్తబడేది సుమారు 105 డిగ్రీల దగ్గర, అందుకని నీళ్ళలో కూలిపోదు, కాస్త లొంగుతుంది. హీట్ గన్ అయితే ఒక్క క్షణం చాలు ముడతలు పడడానికి.

మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి, కిట్ తెప్పించుకోవడం ఖరీదనిపిస్తే ఫ్లెక్సీ బోర్డులు చేసే షాపుల్లో సన్‌బోర్డు ముక్కలు అడగండి. గుండ్రటి వంపులు ఏబీఎస్ అంత బాగా రావు. పైగా అది పీవీసీ. మాడితే చెడ్డ పొగ వస్తుంది, కాబట్టి ఆరుబయటే వేడిచేయండి. హెల్మెట్‌లో చిన్న ఫ్యాన్ తప్పనిసరి, లేకపోతే కళ్ళద్దాల మీద ఆవిరి పట్టి ఎదురుగా ఉన్న పిల్లలు కనిపించరు. కవచాన్ని ఎండలో నిలిపిన కారులో వదలొద్దు, వంకరపోతుంది.

అన్నిటికంటే ముందు, మీ వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడ ఎవరో ఒకరు ఉంటారు. ఒక సాయంత్రం తొడ ముక్క, టేపు, ఐబ్రో పెన్సిల్ పట్టుకుని ఆవిడ దగ్గరకెళ్ళి కొలతలు తీయమనండి. ఆవిడ సమయానికి డబ్బులు ఇవ్వండి. అక్కడే మెట్లుంటే ఎక్కి చూడండి, చెయ్యెత్తి చూడండి, ఎక్కడ గుచ్చుకుంటోందో దాచకుండా చెప్పండి. ఆ గీతలు పడ్డాకే కత్తెర తీయండి.