ఎండుటాకులతో పసివాళ్లకు ఏం నేర్పాలి?

ప్రశ్న: మాకు రెండున్నరేళ్ల బాబు, ఎనిమిది నెలల పాప ఉన్నారు. ఆకురాలు కాలం మొదలైంది కనుక ఇద్దరినీ రోజూ కాసేపు చెట్ల కిందికి తీసుకువెళ్లి ఏదైనా నేర్పించాలని ఉంది. కానీ పాప దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటోంది, బాబు ఏ పనిలోనూ రెండు నిమిషాలు నిలవడు. ఇంత చిన్నవాళ్లకు ఆకులతో నేర్పడానికి ఏముంటుంది?

జవాబు: ‘నేర్పించాలి’ అన్న పట్టుదలను కొంచెం సడలించండి. ఈ వయసు పిల్లలు చెబితే నేర్చుకోరు. తాకి, నలిపి, వాసన చూసి, విసిరి తెలుసుకుంటారు. అన్నింటికీ ఓర్చుకునే వస్తువు ఎండుటాకు.

పాపను చెట్టు కింద మందపాటి దుప్పటి మీద కాసేపు వెల్లకిలా పడుకోబెడితే, కదిలే కొమ్మలనూ ఎండనీడలనూ తనంతట తానే చూస్తుంది. ముళ్లూ నూగూ లేని శుభ్రమైన పెద్ద ఆకును మీరే పట్టుకుని ఆమె అరచేతి మీదా పాదం మీదా మెల్లగా రాయండి, చెవి దగ్గర నలిపి చప్పుడు వినిపించండి. ఎనిమిది నెలలకు రంగులు బాగానే కనిపిస్తాయి కాబట్టి ఎర్రనిదీ పసుపుపచ్చనిదీ పక్కపక్కన చూపితే చూపు అటూ ఇటూ తిరుగుతుంది. కనిపించని వస్తువు కూడా ఎక్కడో ఉంటుందన్న ఎరుక మొదలయ్యే వయసు ఇదే. అందుకే ఆకు చాటున మీ ముఖం దాచి మళ్లీ చూపితే ఆమెకు అంత నవ్వు వస్తుంది.

నోట్లో పెట్టుకోవడం తప్పు కాదు, లోకాన్ని తెలుసుకునే దారి అది. ఏది అందుబాటులో ఉంచాలన్నదే మీ జాగ్రత్త. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో చిన్న భాగాలను పరీక్షించే గొట్టం వ్యాసం సుమారు 3.2 సెంటీమీటర్లు, అందులో పూర్తిగా ఇమిడిపోయేది గొంతుకు అడ్డుపడగలదని లెక్క. గింజలు, చిన్న కాయలు, గులకరాళ్లు దాదాపు అన్నీ ఆ కోవలోకే వస్తాయి. ఎండుటాకు ముక్క కూడా అంగిలికి అతుక్కోవచ్చు కనుక పాపను దుప్పటి మీద వదిలి పక్కకు వెళ్లకండి. పుట్టగొడుగులనూ పేరు తెలియని పండ్లనూ ఇద్దరిలో ఎవరినీ తాకనివ్వవద్దు. కొన్ని విషపు పుట్టగొడుగుల ప్రభావం గంటల తరవాత గానీ బయటపడదు.

ఇక బాబు సంగతి. రెండు నిమిషాలే నిలవడం ఆ వయసుకు సహజం, దాన్ని లోపంగా చూడకండి. చిన్న బుట్ట ఇస్తే నింపుతాడు, వెంటనే బోర్లిస్తాడు, మళ్లీ నింపుతాడు. పెద్దలకు విసుగు పుట్టించే ఈ పనిలోనే బరువు, పరిమాణం వంటివి అతనికి తెలిసివస్తాయి. రంగుల పేర్లు అడిగి పరీక్ష పెట్టే బదులు ఒక ఆకు చేతికిచ్చి ‘ఇలాంటిది ఇంకొకటి తెస్తావా?’ అనండి. పేర్లు పలకడం కంటే పోలిక పట్టడం ముందు వస్తుంది. ఆకునూ మట్టిగడ్డనూ ఒకేసారి వదిలి ఏది ముందు నేల చేరిందో చూడమనండి. ఆకును ఈనెలు పొడుచుకుని ఉండే అడుగువైపు పైకి వచ్చేలా పెట్టి, కాగితం కప్పి మీరు కదలకుండా పట్టుకుంటే, అతను క్రేయాన్‌ను అడ్డంగా రుద్ది అచ్చు తీయగలడు. ఆకు రంగెందుకు మారిందని అడిగితే నిజమే చెప్పండి: పచ్చదనం పోయింది, లోపల దాగిన పసుపు బయటపడింది. ఎరుపు మాత్రం చాలా చెట్లలో ఈ కాలంలోనే కొత్తగా తయారవుతుంది, కానీ ఆ ముచ్చట అతను ఇంకొంచెం పెద్దయ్యాక చెప్పవచ్చు.

ఏమీ చేయకుండా ఆకుల్లో ఊరికే పరుగెత్తినా మంచిదే. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఆకుల కుప్పలోకి దూకనిచ్చే ముందు మాత్రం కర్రతో కదిపి ముళ్లు, పురుగులు, గాజు ముక్కలు లేవని చూసుకోండి.

ఇంటికి చేరగానే చేతులు కడిగించి, బాబు జేబులు ఖాళీ చేయించండి. అన్న ఏరి తెచ్చిన గింజ సాయంత్రానికి చెల్లెలి చేతికి అందుతుంది.