డాక్టర్ సలహా: తిన్నాక ఛాతీలో మంట, గ్యాస్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?

ప్రశ్న: నా వయసు 47. మాది నెల్లూరు. ఆదివారాల్లో మిత్రులమంతా టిఫిన్ మానేసి, పదకొండున్నరకు ఒక రెస్టారెంట్‌లో బ్రంచ్‌కు కలుస్తాం. కారం దోసెతో మొదలై చేపల పులుసు, బిర్యానీ మీదుగా మలై కాజా దాకా సాగుతుంది. రెండు నెలలుగా, తిన్నాక కారు దాకా నడిచేసరికి ఛాతీలో మంట, పట్టేసినట్లు ఉండటం, కొద్దిగా చెమట. గ్యాస్ మాత్ర వేసుకుని కారులో కూర్చుంటే ఐదు నిమిషాల్లో తగ్గుతుంది. ఆరేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర ఉదయాన్నే వేసుకుంటున్నాను. గ్యాస్ మాత్ర తినకముందు వేసుకోవాలా, తిన్నాకా? కారం మానేస్తే సరిపోతుందా?

జవాబు: పాంటాప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలను భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. మీ ప్రశ్నకు జవాబు అంతే. నన్ను కలవరపెడుతున్నది మీరు మధ్యలో రాసిన వాక్యం: మంట నడిచినప్పుడు వస్తోంది, కూర్చుంటే తగ్గుతోంది. ఆ తరహా మాత్రలు ఐదు నిమిషాల్లో పనిచేయవు, ప్రభావం కనబడటానికి గంటలు పడుతుంది. కాబట్టి మీకు ఉపశమనం ఇచ్చింది మాత్ర కాదు, కూర్చోవడం అయి ఉండవచ్చు. భారీ భోజనం తరువాత జీర్ణావయవాలకు రక్తం ఎక్కువగా చేరవలసి రావడంతో గుండెపై పని పెరుగుతుంది. అదే సమయంలో నడిస్తే, రక్తనాళాలు సన్నబడిన గుండె తనకు రక్తం చాలడం లేదని ఛాతీ పట్టేసినట్లు ఉండటం ద్వారా తెలియజేస్తుంది. మీది యాంజైనా, అంటే గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి, అని చూడకుండా చెప్పలేను, అది నిజంగా ఆమ్లం వల్ల వచ్చిన మంట కూడా కావచ్చు. అయితే షుగర్ ఉన్నవారిలో గుండె నొప్పి నొప్పిలా కాకుండా మంటగానో, ఆయాసంగానో రావడం అరుదు కాదు. బీపీ, పొగతాగే అలవాటు, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అన్నవి మీరు రాయలేదు. వాటిని డాక్టరుకు తప్పక చెప్పండి.

రెండు నెలలు ఆగారు, అది బాగోలేదు. మన దగ్గర ఛాతీలో ఏం జరిగినా మొదట మందుల షాపుకు వెళ్లి, "గ్యాస్ అండీ" అని మనమే జబ్బు పేరు చెప్పి, స్ట్రిప్ కొనుక్కుని వస్తాం. కొట్టులో ఉన్నాయన మనం అడిగింది ఇస్తాడు, ఆయనను తప్పుపట్టలేం. ఆ స్ట్రిప్ అయిపోయేలోగా కొందరికి చికిత్సకు అవసరమైన సమయం కూడా అయిపోతుంది. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకోమని మిత్రులు జేబులోంచి తీసి ఇచ్చే మాత్రను సైతం డాక్టరు చెప్పకుండా వాడకండి, బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఈ వారంలోనే, వచ్చే ఆదివారం దాకా ఆగకుండా, గుండె వైద్యుడిని లేదా ఫిజీషియన్‌ను కలవండి. ఈసీజీ మామూలుగా ఉందని ఇంటికి వచ్చేయకండి, ఎందుకంటే నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ తరచూ మామూలుగానే ఉంటుంది. ఎకో (గుండె స్కానింగ్), ట్రెడ్‌మిల్ (నడిపిస్తూ తీసే ఈసీజీ) వంటి పరీక్షలు అవసరమా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. అప్పటివరకు కడుపునిండా తిని నడవవద్దు, బరువులు ఎత్తవద్దు. మంట విశ్రాంతిగా ఉన్నప్పుడు వచ్చినా, పది, పదిహేను నిమిషాల్లో తగ్గకపోయినా, చెమట, ఎడమ చేతికో దవడకో పాకడం, ఆయాసం తోడైనా, మాత్ర వేసి చూద్దామనుకోకుండా 108కు ఫోన్ చేయండి. మీరు స్వయంగా కారు నడపకండి.

ఇక బ్రంచ్ సంగతి. ఆదివారాలు మానుకోమని అనను, కారం ఒక్కటే దోషి అని కూడా అనుకోను. నాకు అభ్యంతరం ఉదయపు ఖాళీ కడుపుపైనే: గ్లిమెపిరైడ్ వేసుకుని పదకొండున్నర దాకా ఏమీ తినకపోతే షుగర్ పడిపోయి చెమట, వణుకు రావచ్చు. తరువాత ఒకేసారి బిర్యానీ, కాజా పడితే పైకి ఎగబాకుతుంది. మీరు చెప్పిన చెమటలో దీని పాలు ఎంతో చూడాల్సిందే. ఆ మాత్ర వేళను మీ అంతట మీరు మార్చకుండా, దాని చీటీని, ఇటీవలి షుగర్ రిపోర్టులను, ఇంట్లో ఉన్న గ్యాస్ మాత్రల స్ట్రిప్‌ను కూడా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.